అక్క చేతి నురుగు

మొన్న హిందూపురంలో కొత్తగా తెరిచిన కాఫీ షాపుకు మా కోడలు నన్ను వెంటబెట్టుకుని పోయింది. నాకు నోరు తిరగని పేరున్న కాఫీ ఏదో తెప్పించింది. వెడల్పాటి తెల్లకప్పు, అంచుదాకా నురుగు, దాని మీద ఆకు బొమ్మ. "తాగేకి మనసే రాదు కదత్తా, ఎంత బాగుండాదో," అంది. బాగున్న మాట నిజమే. నాకు మాత్రం ఆ నురుగు చూడగానే ధర్మవరంలో మా అక్క వంటిల్లు కళ్ళముందుకొచ్చి నవ్వు ఆగలేదు. పక్క బల్ల వాళ్ళు తిరిగి చూశారు కూడా.

అక్కను ఇచ్చింది పట్టుచీరల అంగడి ఉన్న ఇంట్లో. ముందు భాగం అంగడి, వెనక కాపురం. పెళ్ళి చీరలకు వచ్చినవాళ్ళు పొద్దంతా చాపల మీద కూర్చుని గుట్టలు గుట్టలుగా విప్పించి చూస్తారు. వాళ్ళకు లోపలి నుంచి కాఫీ రావాలి. అక్క రెండు లోటాలు పట్టుకుని, ఒక చెయ్యి తలపైకి లేపి, ఇంకొకటి నడుము దగ్గర పెట్టి తిరగబోసిందంటే నురుగు అంచు దాటి గోపురంలా నిలబడేది. చీర నచ్చక లేవబోయినవాళ్ళు కూడా ఆ కాఫీ వాసనకు మళ్ళీ కూర్చునేవాళ్ళు. తాను అంత తియ్యగా మాట్లాడబట్టే వాళ్ళు కూర్చున్నారని బావ నమ్మకం. అక్క ఆ నమ్మకం జోలికి పోయేది కాదు.

పోయిన ఏడాది వానలప్పుడు మిద్దె మెట్ల మీద జారి అక్క కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పేనాటికి ఎముక అతికింది గానీ చెయ్యి తిరగలేదు. గ్లాసు పట్టుకుంటే వణుకు. వ్యాయామం నేర్పేందుకు వచ్చినామె రబ్బరు బంతి ఒకటిచ్చి రోజూ పిసకమంది. అక్క దాన్ని ఉల్లిగడ్డల బుట్టలో పడేసింది. "చిన్నపిల్లనా నేను, బంతాట ఆడేకి?" అంది. ఇంతలో సోమందేపల్లి నుంచి బావకు అక్క అయిన పెద్దావిడ పలకరించేందుకు వచ్చింది. "చేసినన్నాళ్ళు చేసినావు. ఇంక కోడలు పెట్టింది తాగి ఒక మూల కూర్చో," అంది. ప్రేమగానే అంది పాపం. కానీ ఎముక విరిగినప్పుడు ఏడవని మా అక్క ఆ మాటకు ఏడ్చింది. ఆ తర్వాత వంటింటి గడప తొక్కడమే మానేసింది. కొడుకు పెనుకొండలో ఇల్లు కట్టుకుంటున్నాడు. గృహప్రవేశం రోజు బంధువులందరికీ తన చేత్తో కాఫీ ఇస్తానని అంతకుముందు అందరికీ చెప్పుకుంది. ఇప్పుడు ఆ ఊసెత్తితే మొహం తిప్పుకునేది.

బెంగళూరులో ఉన్న మా అమ్మాయి అప్పుడే నాకొక గాజు జాడీ పంపింది. దాని మూతకు ఒక కడ్డీ, కడ్డీ చివర సన్నటి తీగల జాలీ. పాలు పోసి కడ్డీని పైకీ కిందికీ ఆడిస్తే నురుగొస్తుందట. అంతకుముందు నేను అక్క కాఫీలా నురుగు రావాలని మిక్సీలో వేడిపాలు తిప్పి, మూత ఎగిరి, గోడ మీది దేవుళ్ళకు క్షీరాభిషేకం చేసి ఉన్నాను. అయినా ఆశ చావక ఆ జాడీని చీరలో చుట్టుకుని ధర్మవరం రైలెక్కాను.

అక్క కుర్చీ వేసుకుని వంటింటి బయటే కూర్చుంది. నేను లోపల పాలు మరగబెట్టి, జాడీలో పోసి, కడ్డీని శక్తికొద్దీ దంచాను. పాలు ఎగిరి పొయ్యి మీద పడ్డాయి, నా మీద పడ్డాయి. అప్పుడే లోపలికి తొంగి చూసిన బావ చొక్కా మీదా పడ్డాయి.

"ఏమే, పాలతో కొట్లాటకు వచ్చినావా?" అంది అక్క.

"నురుగు తీస్తాండా అక్కా."

"అట్ల దంచేకి అవేమన్నా వడ్లా? మీగడంతా జాలీకి పట్టింది చూడు. వడగట్టకుండా ఎవురన్నా పోస్తారా?"

నేను వినిపించుకోనట్టు ఇంకాస్త దంచాను. పాలు పాడవుతుంటే చూస్తూ కూర్చోవడం ఆమె వల్ల కాలేదు. లేచి లోపలికి వచ్చింది. "ఇట్ల ఇయ్యి," అని ఎడమ చేత్తో కడ్డీ లాక్కుంది. మీగడ తీయించింది, పాలు వేలు ఓర్చుకునే వేడికి ఆరేదాకా ఆగింది, మెల్లగా ఆడించింది. మొదట సబ్బు బుడగల్లా లేచాయి. ఎడమ చెయ్యి అలిసిపోతే, ఆలోచించకుండానే కుడి చేత్తో పట్టుకుంది. నొప్పికి పళ్ళు బిగించింది గానీ వదల్లేదు. చివరికి కాఫీ మీద వచ్చింది బొటనవేలి మందం నురుగే. బావ అది తాగి, చొక్కా సంగతి మరిచిపోయి, "ఇది నీ చెయ్యే," అన్నాడు. అక్క జాడీని తానే కడిగి పైన పెట్టింది, నేను తిరిగి తీసుకుపోతానేమోనని.

ఇక రోజూ పొద్దున్నే ఫోను. "ఈ పొద్దు నిలబడిందే." "ఈ పొద్దు నీళ్ళపాలు పోసినాడు, సచ్చినోడు." "పాలు చల్లగుంటేనే ఇంకా సన్నగ వస్తాండాది, తెలుసునా?" నురుగు ధ్యాసలో పడి చెయ్యి సంగతి ఆమె మరిచింది, చెయ్యి మాత్రం తన పని మరవలేదు. మెల్లమెల్లగా వేళ్ళు ముడుచుకోవడం, మణికట్టు తిరగడం మొదలయ్యాయి. డాక్టరు చూసి, ఏ వ్యాయామం చేశారమ్మా అని అడిగితే, "కాఫీ పెడతాండా సార్," అందట.

పెనుకొండలో గృహప్రవేశం రోజున కొత్త పొయ్యి మీద పాలు పొంగాయి. పూజ అయ్యేసరికి ఎండెక్కింది. కొండ వైపు నుంచి వేడిగాలి కొడుతోంది, బంధువులు షామియానా కింద విసనకర్రల్లా శుభలేఖలు ఊపుకుంటున్నారు. అక్క కొంగు నడుముకు దోపి లోపలికి పోయింది. కోడలు డికాక్షన్ పోస్తుంటే, నేను పాలు వడగడుతుంటే, ఆమె జాడీ తర్వాత జాడీ నురుగు తీస్తూనే ఉంది. నుదుటి మీది కుంకుమ చెమటకు ముక్కు దాకా జారింది. తుడుచుకోలేదు.

సోమందేపల్లి పెద్దావిడ ముందువరసలో కూర్చుంది. ఒక గుక్క తాగి, పైపెదవి మీద తెల్లటి మీసంతో తలెత్తి, "ఎవురు పెట్టినారు ఈ కాఫీ?" అంది.

"మా అత్త," అంది కోడలు, పది మందికీ వినబడేలా.

పెద్దావిడ గుమ్మంలో నిలబడ్డ అక్కను, ఆమె చేతిని చూసింది. తర్వాత ఖాళీ లోటా ముందుకు చాచి, "ఇంకొంచెం పొయ్యమ్మా. నేనన్న మాట మనసులో పెట్టుకోవద్దు," అంది.

అక్క పోసింది. కుడి చేత్తో, ఒక్క చుక్క కింద పడకుండా. పోసి నా వైపు చూసింది. అలాంటి వెలుగు పెళ్ళిపీటల మీద కూడా నేను ఆమె మొహంలో చూడలేదు.

అరవై దాటాక రోజులన్నీ ఉన్నవాటిని ఒక్కొక్కటిగా పట్టుకుపోవడానికే వస్తాయని అనుకునేదాన్ని. ఇవ్వడానికి వచ్చే రోజులూ కొన్ని మిగిలే ఉంటాయని మా అక్క ఇంట్లోనే తెలిసింది.