మోషే గాజుపెట్టె

బీదర్‌లోని ఒక కాలేజీ జువాలజీ ల్యాబులో బర్నబా ముప్పై ఒక్క ఏళ్లు అటెండరుగా చేశాడు. ఏం పని చేసేవాడివని ఎవరైనా అడిగితే "సార్లకు సామాన్లు అందిస్తుంటి" అనేవాడు. ఆ సామాన్లలో కప్పలు కూడా ఉండేవని చర్చిలో ఎవరికీ చెప్పేవాడు కాదు. వానాకాలం వచ్చిందంటే తడి గోనెసంచి భుజాన వేసుకొని కాలువ గట్లన్నీ తిరిగి, ప్రాక్టికల్సుకు సరిపడా పట్టుకొచ్చేవాడు. కోసే ముందు కప్ప కదలకుండా దాని మెడ వెనక సూది గుచ్చడానికి పిల్లలు భయపడితే ఆ పనీ తనే చేసి పెట్టేవాడు. కాలేజీలో కప్పల్ని కోయడం ఆగిపోయాక కొన్నాళ్లు సీసాలు తుడిచి రిటైరయ్యాడు.

మనవరాలు లీయాకు ఇవేమీ తెలియవు. మొన్నటి వానకు బీదర్ పక్కన చిద్రిలోని వాళ్ల ఇంట్లోకి ఒక చిన్న కప్ప వచ్చి బకెట్లో పడింది. బైబిల్లో మోషేను తీసినట్టు నీళ్లలోంచి తీసింది కాబట్టి లీయా దానికి మోషే అని పేరు పెట్టి, ఇల్లు కట్టివ్వమని తాత వెంట పడింది.

బర్నబా మురిసిపోయాడు. కప్పల సంగతి తనకంటే తెలిసినవాడు ఊళ్లో లేడని ఆయన నమ్మకం. అది నిజమే, కాకపోతే ఆ విద్యంతా ప్రాక్టికల్ రోజుదాకా వాటిని బతికించి ఉంచడానికి నేర్చుకున్నది. అడుగున గులకరాళ్లు, వాటి మీద బొగ్గుముక్కలు, ఆపైన కొబ్బరిపీచు కలిపిన మట్టి పరిచాడు. గోడ మీది పాచిని పలకల్లా ఒలిచి తెచ్చాడు. దాక్కోవడానికి పగిలిన ముంత, పళ్లెంలో ఒక రోజు నిలవబెట్టిన నీళ్లు, పైన దోమతెర గుడ్డ. అన్నీ సరిగ్గానే చేశాడు, ఒక్క గాజుపెట్టె తప్ప. అది ల్యాబులో పారేస్తుంటే తెచ్చుకున్నది. చచ్చిన కప్పలు కుళ్లకుండా ఫార్మలిన్ మందులో నానబెట్టిన పెట్టె.

"తాతా, గిది వాసనొస్తుంది," అంది లీయా ముక్కు మూసుకొని.

"ఏం వాసన బిడ్డా? పదిసార్లు కడిగిన. సాఫ్ ఉంది."

కడిగిన మాట నిజమే. అద్దాల అతుకుల్లోని లప్పం తాగిన మందు కడిగితే పోదనీ ఆయనకు తెలుసు. కానీ ఏళ్ల తరబడి ఆ ఘాటులో బతికిన ముక్కుకు అది తెలియడం ఎప్పుడో మానేసింది. తన ముక్కును నమ్మాడు గాని పిల్ల ముక్కును నమ్మలేదు.

మర్నాడు లీయా బడికి వెళ్లాక చూస్తే మోషే ముంత పక్కన కాళ్లు చాపి పడి ఉంది. కప్ప చర్మంతో కూడా గాలి పీలుస్తుందని సార్లు చెప్పే పాఠం ఆయన ఏటా విన్నదే. సిగ్గుతో కుంచించుకుపోయాడు. అప్పుడైనా ఊరుకున్నాడా? బజారుకు పోయి కొత్త చేపల పెట్టె తెచ్చి, మళ్లీ మట్టీ రాళ్లూ పరిచి, సంచి పట్టుకొని కాలువకు పోయాడు. ఒకటి తక్కువైతే ఇంకొకటి తెచ్చిపెట్టడం అలవాటైన పనేగా.

బడి నుంచి వచ్చిన లీయా కొత్త పెట్టె చూసి గంతులేసింది. సాయంత్రం ఇంటి ప్రార్థనలో కళ్లు మూసుకొని, "ప్రభువా, మోషేకు మంచి ఇల్లు కట్టిన మా తాతను దీవించు," అంది. ఆయన ఆమెన్ అనకుండానే కళ్లు తెరిచాడు.

"లీయా, మోషే సచ్చిపోయింది," అన్నాడు. "నువ్వు వాసనొస్తుందంటే నేను ఇనలే. నేనే సంపిన. ఇది ఇంకోటి. కాలువకాడ పట్టుకొచ్చిన."

లీయా చాలాసేపు ఏడ్చింది. తర్వాత గౌను అంచుతో ముఖం తుడుచుకొని పెట్టెలోకి తొంగిచూసింది.

"మరి దీన్ని ఎతకనీకి ఎవ్వరు రారా తాతా?"

గోనెసంచి విప్పినప్పుడల్లా సార్లు అడిగింది ఒకటే, ఎన్ని తెచ్చినవని. ఈ మాట ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు, తనను తాను కూడా అడగలేదు. బర్నబా చేయి తడుపుకొని కప్పను మెల్లగా పైకి తీశాడు. ఆయన చూస్తుండగానే బొటనవేలు దానంతట అదే పోయి, మెడ వెనక సూది దిగే చోట ఆనింది.

ఆయన గబుక్కున కప్పను లీయా దోసిట్లో పెట్టేశాడు.

"నువ్వే పట్టుకో బిడ్డా. కాలువకాడిదాక నేను ఎంటొస్త."