మూడు ఫోన్ల కబురు

కంప్యూటర్ చదువు నేను కాలేజీలో చదవలేదు. పాడేరు గ్రంథాలయంలో, కిటికీ పక్క బల్ల దగ్గర చదివాను. వెబ్ సర్వీసుల గురించి అక్కడ ఒక లావుపాటి పుస్తకం ఉండేది. నిఘంటువు పక్కన పెట్టుకుని, గడువు పొడిగించుకుంటూ, ఒక చలికాలమంతా దానితోనే గడిపాను. ఆ సంగతి నలుగురిలో చెప్పుకోవడం నాకిప్పటికీ ఇష్టమే.

ఆ చదువు చూసే మా కాఫీ రైతుల సంఘం నాకొక పని అప్పగించింది. కొండ మీది ఊళ్లలో పండ్లు కోసినవాళ్లు ఫోన్‌లో బటన్ నొక్కితే, కింద తొక్క తీసే మిషను దగ్గర కూర్చున్న నాకు తెలియాలి. నేను జీపు పంపాలి. కోసిన పండు ఆ రోజే మిషనుకి చేరాలి, లేకపోతే పులిసిపోతుంది.

దీనికి పుస్తకం రెండు దారులు చెప్పింది. రిమోట్ ప్రొసీజర్ కాల్ అయితే, ఫోను మా కంప్యూటరుని పిలిచి జవాబు వచ్చేదాకా అక్కడే నిలబడుతుంది. మెసేజింగ్ అయితే, చెప్పాల్సింది వరుసలో పెట్టేసి తన పని చూసుకుంటుంది. సిగ్నల్ దొరికినప్పుడు ఆ మాట దానంతటదే చేరుతుంది. మొదటిది రాయడం తేలిక. అదే రాశాను.

మా పెద్దమ్మ తోట అందరికంటే పైన ఉంటుంది. ఏటా షావుకారుకి పోసే పండు ఈసారి సంఘానికి ఇస్తానని ఆమె పట్టుబట్టింది. పెదనాన్నకి నమ్మకం లేదు. ఒక్క బస్తా పులిసినా మళ్లీ షావుకారు గుమ్మానికే అని షరతు పెట్టాడు.

కోతకి ముందు ఒకసారి చూద్దామని, సిగ్నల్ కాస్తో కూస్తో అందే బండ మీదికి పెద్దమ్మని తీసుకెళ్లాను. ఆమె బటన్ నొక్కింది. తెర మీద చక్రం తిరగడం మొదలైంది. తిరుగుతూనే ఉంది.

“ఏటే గుంటా, గానుగెద్దునాగ తిరగతంది?”

“జవాబు కోసం సూత్తంది పెద్దమ్మా.”

“అదొచ్చీదాకా నానిక్కడ దిష్టిబొమ్మనాగ నిలబడాలా? పళ్లెవులు కోత్తారు, నీ పుస్తకమా?”

ఇంటికొచ్చి మొత్తం మెసేజింగ్‌లోకి మార్చి రాశాను. ఇక నొక్కి, ఫోన్ రొంటిన దోపుకుని చెట్ల మధ్యకి వెళ్లిపోవచ్చు.

కోత మొదలైన రోజు మధ్యాహ్నం పెద్దమ్మ ఊరి నుంచి కబురు అందింది. జీపు పంపాను. కాసేపటికి అదే ఊరి నుంచి వేరే నంబరుతో ఇంకొకటి వచ్చింది. వేరే తోట అనుకున్నాను. సంబరం పట్టలేక రెండో జీపులో నేనూ ఎక్కాను.

ఘాట్ రోడ్డు సన్నబడిన చోట మొదటి జీపు ఎదురైంది. దాని నిండా బస్తాలు, బస్తాల మీద పెద్దమ్మ, పెదనాన్న. రెండు జీపులూ ముక్కూ ముక్కూ ఆనించుకుని ఆగిపోయాయి.

“రెండో జీపేటే? పెళ్లికెల్తన్నామా?” అంది పెద్దమ్మ.

ఇంతలో నా ఫోన్ మోగింది. అదే ఊరి నుంచి మూడో కబురు.

“ఎన్ని ఫోన్లలోంచి కొట్టావు పెద్దమ్మా?”

“నాదీ, కోడలిదీ, పక్కింటోల్లదీ. కబురంటే ఒక్కరి సేత పంపుతారేటే? సంతకెల్లీవోల్లు ముగ్గురికి సెప్తాం. ఒకడు తాగి తొంగుంటాడు, ఒకడు మర్సిపోతాడు, ఒకడు సెప్తాడు.”

“ముగ్గురూ సెప్పేస్తే?”

“యినీవోడికి బుర్రుండదేటి? ఒక పెళ్లి కబురు మూడుసార్లు యిన్నోడు మూడు పెళ్లిల్లకెల్తాడా?”

డ్రైవర్లిద్దరూ పగలబడి నవ్వారు. నాకూ నవ్వాగలేదు. వచ్చిన కబురే మళ్లీ రావచ్చు, అందుకునేవాడే గుర్తుపట్టాలి అని పుస్తకంలోనూ ఉంది. కాకపోతే అందులో పెళ్లి లేదు.

పెదనాన్న మాత్రం నవ్వలేదు. కొండ నీడ రోడ్డు మీదికి వచ్చేసింది. “మీ యికయికలు తరవాత, పళ్లు పులిసిపోతన్నాయి,” అంటూ దూకాడు. మా జీపు వెనకవైపుకి నడిచి వెళ్లి, “రానీ, రానీ, గట్టుంది సూసుకో,” అని కేకలేస్తూ మలుపు దాకా వెనక్కి తీయించాడు. దారి వదలగానే బస్తాల జీపు కదిలింది.

మిషను దగ్గర సంఘం మనిషి బస్తా మూతి విప్పి, వాసన చూసి, బాగుందన్నట్టు తల ఊపాడు. ఒక్క బస్తా కూడా తిప్పి పంపలేదు. పెద్దమ్మ పెదనాన్న వైపు ఊరికే అలా చూసింది.

కబురులో ఊరి పేరుతో పాటు తోట పేరు కూడా వచ్చేలా చేసి, ఒకే తోట నుంచి ఒకే రోజు ఎన్ని కబుర్లొచ్చినా ఒకటిగానే లెక్కవేసేలా ఆ సాయంత్రమే మార్చాను. జీపు బయల్దేరగానే తిరుగు కబురు వెళ్లేలా కూడా చేశాను. ఒక్క విషయానికి మాత్రం పాత కాల్ పద్ధతే ఉంచాను. ఈరోజు మిషను ఆడుతుందా లేదా అన్నది కోతకి ముందే తెలియాలి, దానికి కాసేపు నిలబడినా నష్టం లేదు.

మర్నాడు పెద్దమ్మ తోట నుంచి నాలుగు కబుర్లొచ్చాయి. ఆ నాలుగో నంబరు పెదనాన్నది.