పడమటి గోడ మీది గళ్ల పటం

మొన్న కోడలితో కలిసి నారాయణఖేడ్ డిపో దగ్గర కొత్తగా తెరిచిన ఫర్నిచర్ దుకాణానికి వెళ్లాను. ఒక గోడ నిండా నలుపు తెలుపు గళ్ల కాగితం అంటించి ఉంది; చూస్తూ ఉంటే గోడ మధ్యలో ఉబ్బి మీదికి వస్తున్నట్టుంది. గీ డిజైన్ ఇప్పుడు మస్తు నడుస్తుందని దుకాణంవాడు చెబుతుండగానే నేను కుర్చీలో కూలబడ్డాను. కళ్లు తిరిగాయేమోనని కోడలు పరేషానైంది.

మా ఇంట్లో బొమ్మలు గోడకెక్కేవి కావు. ప్రాణమున్న దేని రూపమూ గోడ మీద ఉండకూడదని మా నాన్న పట్టింపు; అబ్బా అని పిలిచేవాళ్లం. పెళ్లి ఫోటోలు సైతం పెట్టె అడుగునే ఉండేవి. అలాంటి ఇంట్లో పుట్టి మా అన్న హైదరాబాదులో బొమ్మల చదువు చదివాడు. ముఖాలు అంత బాగా గీసేవాడు గళ్లు, వలయాల దారి పట్టింది అబ్బా కోసమేనని నా నమ్మకం. ఒకసారి సెలవులకు, తానే అచ్చువేసిన గళ్ల పటాన్ని ఫ్రేము కట్టించి తెచ్చాడు. కదిలేది బొమ్మ కాదు, మన కన్నే మనల్ని మోసం చేస్తుందని మాకు ముచ్చటగా చెప్పాడు. అబ్బా దాన్ని ఎగాదిగా చూసి, ఇందులో జీవమేదీ లేదని తేల్చుకుని, ముందు గదిలో తన చేత్తోనే మేకు కొట్టాడు. ఆ పూట అన్న సంతోషం ఇంతా అంతా కాదు.

వాకిలి వెలుతురు బాగా పడేది పడమటి గోడ మీదే కనుక మేకు అక్కడ పడింది. నమాజుకు ముఖం పెట్టేదీ అటే. నిలబడగానే గళ్లు ఈదడం మొదలుపెట్టేవి, మనసు నిలిచేది కాదు. అన్న పట్నం వెళ్లిపోయాక, తీసేయడానికి మనసొప్పక అబ్బా నమాజు చాప పరిచే ముందు పటాన్ని గోడవైపుకు తిప్పేవాడు, నమాజు కాగానే మళ్లీ ముందుకు తిప్పి రుమాలుతో దుమ్ము తుడిచేవాడు. మాకు అదొక అలవాటైపోయి, అన్నకు చెప్పాలని తోచనే లేదు.

ఆ తర్వాత అన్న పండుగలకు వచ్చేవాడు, ఈద్గాకు వెళ్లి వచ్చి, మాతో భోంచేసి, మిగతా నమాజులకు అబ్బాతో మసీదుకే వెళ్లి, సాయంత్రం బస్సుకే వెళ్లిపోయేవాడు. ఇంకో పటం మాత్రం తేలేదు. పట్నంలో పని ఎక్కువైందనుకున్నాము. జ్వరమని దవాఖానలో చేరినవాడు ప్రాణాలతో తిరిగి రాలేదు.

అన్న పోయాక వదిన చెప్పింది. ఒక మధ్యాహ్నం చెప్పకుండా బస్సు దిగి ఇంటికి వచ్చాడట. ఆ రోజు మా అమ్మీ, నేను సిర్గాపూర్‌లో పెళ్లికి పోయాము. అబ్బా వాకిలికి వీపు పెట్టి నమాజులో ఉన్నాడు, గోడకు పటం వెనుక అట్ట కనిపించింది. తన పటం నచ్చక ఎప్పుడూ అలాగే తిప్పి ఉంచుతారనుకుని అన్న వాకిట్లోంచే వెనుదిరిగాడు. పండుగలకు అది ముందుకు తిరిగి ఉంటే, తాను వస్తున్నాడని ఆ పూటకే తిప్పి ఉంటారనుకునేవాడట.

అది విని అబ్బా పటం దగ్గరికి వెళ్లాడు. “ఒక్క మాట అడిగితే ఏమైతుండె బిడ్డా” అన్నాడు దానితోనే. ఆ రోజు నుంచి చాపను లోపలి గదికి మార్చుకున్నాడు. బతికినన్నాళ్లూ ఆ పటాన్ని మళ్లీ తిప్పలేదు.

ఇప్పుడు ఆ గళ్లు దిండ్ల మీద, ఫోను కవర్ల మీద, ఎక్కడ చూసినా ఉన్నాయి. మా పిల్లల ఇళ్లలో గోడల నిండా ముఖాలే, వద్దనేవారు లేరు. ఈ రోజుల్లోనైతే అన్న బస్సులో కూర్చునే ఫోన్ చేసి అబ్బాతో గొడవ పెట్టుకునేవాడేమో. కన్ను మోసం చేస్తుందని అందరికీ చెప్పినవాడు, సొంత ఇంటి వాకిట్లో నిలబడి తన కన్నునే నమ్మి వెళ్లిపోయాడు.