మూరెడు ఎక్కువిచ్చిన గొలుసు

నిన్న మా గేటుకు గొలుసు కావలసి అబిడ్స్‌లో ఒక పెద్ద దుకాణానికి వెళితే, ముందే తుంచి ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి మూతులంటించిన గొలుసులు గోడ నిండా వేలాడుతున్నాయి. అమ్మే మనిషి ఫోనులోంచి తలెత్తకుండానే ఒకటి నా ముందు పడేశాడు. దేనికని ఒక్క ముక్క అడగలేదు. నాకు ఒళ్లు మండింది.

నాంపల్లి స్టేషనుకు దగ్గర్లోని సందులో, ఒక ఇనుప సామాను దుకాణంలో ఇరవై రెండేళ్లు గొలుసులు కోసి ఇచ్చినవాణ్ణి నేను. బడి మొహం చూడలేదు. అక్షరాలు సామాను చుట్టే పాత పేపర్ల మీద, ఆ తర్వాత ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్‌ మీద పరిచే పాత పుస్తకాల్లో కూడబలుక్కుని నేర్చుకున్నాను గానీ, గొలుసుల చదువు మాత్రం సేటు దగ్గరే. దేనికో అడగకుండా గొలుసు మీద కత్తెర పెట్టొద్దని ఆయన మొదటి రోజే చెప్పాడు. ఊయలకైతే లావు లంకెలు, బర్రెకైతే ఎంత తిరిగినా మెలిపడనిది, రైల్లో పెట్టె కట్టుకునేవాళ్లకు సన్నగా గట్టిగా ఉండేది, చలివేంద్రంలో గ్లాసు కట్టడానికైతే తుప్పు పట్టనిది. సైకిలు చైను అడిగినవాణ్ణి మాత్రం, "గది మా దగ్గరేడిది బిడ్డా, గౌలిగూడకు పో, మేం కట్టేసే గొలుసులే అమ్ముతం, ఉరికేటివి గాదు" అని నవ్వి పంపేవాడు.

ఒకరోజు మా బావ వచ్చాడు. కాచిగూడలో ఉండేవాళ్లు, అఫ్జల్‌గంజ్‌లో ఒక ప్రెస్సులో పని. అంతకు ముందు ఏడాదే అక్కకు కాన్పులో బిడ్డ పోయింది. అప్పటినుంచి ఎవరికీ చెప్పకుండా ఇల్లు వదిలి, నాంపల్లి దాకా నడిచి వచ్చి, ఆగి ఉన్న ఏ రైలైనా ఎక్కి కూర్చునేది. రెండుసార్లు నేనే దించి ఇల్లు చేర్చాను. బావను కూడా అందరినీ అడిగినట్టే దేనికని అడిగాను.

"కుక్కకు. జర నున్నటిది ఇయ్యి బామ్మర్ది, ఒరుసుకుంటే పుండయితది."

"కుక్కనెప్పుడు తెచ్చిన్రు బావా?"

"మొన్ననే. మీ అక్కకు తోడుంటదని."

కోసిన చోట లంకె అంచులను ఆకురాయితో నున్నగా రాకాను. పాపం మూగజీవం, నాలుగడుగులు తిరగనీ అని అడిగినదాని కంటే మూరెడు ఎక్కువిచ్చాను. నాకు తట్టలేదు. తట్టలేదనే ఇన్నేళ్లుగా చెప్పుకుంటున్నాను.

రాఖీ పున్నమకు ఏటా వచ్చే అక్క ఆ ఏడు రాలేదు, నేనే వెళ్లాను. రాఖీ కట్టడానికి తను లేచి రెండడుగులు వేస్తే చప్పుడు వినబడింది. చీర అంచు కింద కాలికి నేను రాకిన లంకె ఉంది. బావ గడప మీద కూర్చుని, తల వంచుకుని, "దవాఖానల ఏస్తే మల్ల ఇంటికి పంపుతరా? పనికి పోకుంటే తినేదేంది? నువ్వే చెప్పు" అన్నాడు. నేను రాఖీ కట్టించుకుని వచ్చేశాను.

మర్నాడు దుకాణంలోని పెద్ద కత్తెర సంచిలో పెట్టుకుని, బావ లేని వేళ చూసి వెళ్లాను. అక్క కత్తెర వంక చూసింది, నా వంక చూసింది. ఆ రోజు అక్క మాట ఎంత తేటగా ఉందో చెప్పలేను.

"కోసినంక యాడికి తీస్కపోతవ్ తమ్మీ? మీ ఇంటికా?"

నాంపల్లిలో మాది కిరాయికి ఒకే అర్ర. అందులో అమ్మ, నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు. ఆవిడకు మూడో కాన్పుకు నెలలు నిండుతున్నాయి. నేను నేల చూశాను.

"గట్ల జూడకు. చాయ్ పెడత, తాగి పో."

స్టవ్వు దాకా గొలుసు అందింది. చాయ్ తాగాను, కత్తెర సంచిలో పెట్టుకుని వచ్చేశాను. ఆ తర్వాత ఏ పున్నమకూ నేను కత్తెర తీసుకుపోలేదు, అక్కా అడగలేదు. ఆ ఇంట్లోనే, గొలుసు కట్టిన ఆ మూలనే, ఒక చలికాలం జ్వరంతో పోయింది.

నా ఈడువాళ్లు పార్కులో కూర్చుని, ఆ రోజుల్లో మనుషులకు మనుషులు ఉండేవాళ్లని, ఇప్పుడే అంతా పాడైపోయిందని అంటుంటే నాకు కోపం వస్తుంది. ఏం మారిందో నేను చెబుతాను. అమ్మ పోయింది, మా ఆవిడ పోయింది, పిల్లలు తలో పేటలో కాపురాలు పెట్టుకున్నారు. ఇప్పుడు నాకు సొంతంగా మూడు గదులున్నాయి. వీధి వైపు గదికి పొద్దున్నే ఎండ వస్తుంది, మంచం కూడా ఉంది, అందులో ఎవరూ పడుకోరు.