నడిబజారులో ఆగిన నా బ్యాటరీ బండి

ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మన ప్రభువు నామమున మీ అందరికీ వందనాలు. నేను కూర్చునే మాట్లాడతాను, లేచి నిలబడలేనని మీకు తెలుసు. అయినా పిల్లలకు ఎక్కాలు చెప్పిన గొంతు ఇది, వెనక గోడ దాకా వినిపిస్తుంది కాబట్టి ఎవరూ కునుకు తీయడానికి వీల్లేదు. నా పేరు రత్నమ్మ, చిత్తూరులో చిన్నపిల్లల బడిలో టీచరును. దేవుడు నన్ను చావులోంచి ఎలా లేపాడో చెప్పమని పాస్టరుగారు అడిగారు. చావంటే ఊపిరి పోవడమే కాదు, ఊపిరి ఆడుతుండగానే నేను చచ్చినదాన్ని.

నాకు వెన్నెముకకు క్షయ వచ్చింది. వేలూరులో డాక్టర్లు నా ప్రాణం నిలబెట్టారు, వారిని దేవుడు దీవించును గాక, కానీ నడుము కింద కాళ్ళు మాత్రం నావి కాకుండా పోయాయి. ఎలాంటి కాళ్ళనుకున్నారు! మా ఆయన దేవదానం సైకిలు తొక్కుకుంటూ బయలుదేరితే నేను నడిచి ఆయనకంటే ముందు బడికి చేరతానని మా వీధిలో వేళాకోళం చేసేవాళ్ళు. అలాంటిదాన్ని మంచానికి అతుక్కుపోయాను. మొదట్లో చూడ్డానికి అందరూ వచ్చారు, బత్తాయిలు తెచ్చారు, అయ్యో పాపం అన్నారు, వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఏ పాపం చేసిందో ఏమో అని గొణుక్కున్నారు. నా కాళ్ళు పోయాయి గానీ చెవులు పోలేదు కదా! ఆ రోజునుంచి తలుపు వేయించాను, తర్వాత కిటికీ కూడా వేయించాను, ఆదివారం పాస్టరుగారు ఇంటికి వస్తే నిద్రపోతున్నట్టు నటించేదాన్ని. నా ప్రార్థన ఒక్కటే. "ప్రభువా, నా కాళ్ళు నాకియ్యి, లేదంటే నన్ను తీసుకొనిపో. ఊరికి వింతబొమ్మగా మాత్రం నన్ను చేయొద్దు."

అలా ఉండగా ఒక వేసవిలో మా హెడ్‌మిస్ట్రెస్ గారు వచ్చారు. మంచి మనిషి, నా స్థానం అన్నాళ్ళూ ఎవరికీ ఇవ్వకుండా కాపాడుకొచ్చింది. ఇక ఆమె చేతిలో లేదట. బడి తెరిచే రోజున నేను వచ్చి నా తరగతిలో కూర్చుంటే తరగతి నాదే, రాకపోతే ఇంకొకరిని వేసుకోక తప్పదని కళ్ళనీళ్ళతో చెప్పి వెళ్ళింది. బడి మా ఇంటికి రెండు మైళ్ళు, మధ్యలో పెద్ద బజారు. రిక్షాలో వెళ్ళొచ్చు కదా అంటారేమో. రోజూ నలుగురు నన్ను మూటలా ఎత్తి రిక్షాలో పెట్టడం, నలుగురు దించడం, అదిగో మళ్ళీ ఆ వింతబొమ్మే. నేను పోను అన్నాను.

మా ఆయన ఊరుకోలేదు. ఆయనది బావుల దగ్గర కాలిపోయిన మోటార్లకు తీగచుట్టలు చుట్టే పని, రాగితీగతో తప్ప మనుషులతో ఎక్కువ మాట్లాడే అలవాటు లేదు. మర్నాడు గూడూరు వెళ్ళి, తిరుగు ప్రయాణంలో నిమ్మకాయల లారీ పట్టుకుని, గోనెసంచిలో చుట్టిన మోటారు ఒకటి తెచ్చాడు. ఏదో ఫ్యాక్టరీలో సరుకు లాగే బ్యాటరీ ట్రాలీదట, పాత ఇనుము కొట్టులో దొరికిందట. ఇరవై నాలుగు వోల్టుల మోటారు, బలం ఒక హార్స్‌పవరుకు కాస్త తక్కువ, రెండు లారీ బ్యాటరీలు కలిపి ఇస్తే తిరుగుతుంది. దాన్ని నా మంచం పక్కనే విప్పి పెట్టుకుని, లోపల రాగి ముక్కలు పేర్చిన చక్రం చూపించి, దానిమీద ఆనుకుని కరెంటు అందించే బొగ్గు బ్రష్షులు చూపించి, అవి అరిగిపోతాయని, వాటి వెనక స్ప్రింగులు వదులైతే నిప్పురవ్వలు వస్తాయని, గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. మా పెళ్ళయ్యాక ఆయన నాతో ఒకేసారి అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. నేను వినడం లేదన్నట్టు గోడవైపు తిరిగి అంతా విన్నాను.

"సూడు రత్నా, ఈ మోటారుకి ఒక గుణం ఉండాది," అన్నాడు. "బరువు పెడితే ఒళ్ళు వంచి లాగతాది. బరువు లేకుండా ఊరికే తిప్పినామా, వేగం పెరిగి పెరిగి దాని చుట్టలు అదే తెంపుకుంటాది. గొలుసు ఊడిందంటే ముందు స్విచ్చి ఆపెయ్యాల."

నాకు దుఃఖం ఆగలేదు. పని లేక, పిల్లలు లేక, మోసే బరువేదీ లేక నా మనసు కూడా ఆ గదిలో అలాగే తిరిగి తిరిగి తెగిపోతోంది కదా! ఏడుస్తూనే ఆ బండి సీటు ఎంత ఎత్తులో ఉండాలో అడిగాను. ఆయన తల ఎత్తకుండా, నీ మంచమెత్తు అన్నాడు.

బండి తయారైంది. మూడు రిక్షా చక్రాలు, ఒక కుర్చీ, కుర్చీ కింద మోటారు, కాళ్ళ దగ్గర బ్యాటరీలు, చేతికి అందేలా మెట్లుమెట్లుగా వేగం పెంచే పిడి. మంచం మీదనుంచి నేనే జరిగి కూర్చోవచ్చు, ఎవరూ ఎత్తనక్కరలేదు. మా సందులో ముందుకీ వెనక్కీ నడిపి నేర్చుకున్నాను.

ఇక మన సంఘంలో ఒక పద్ధతి ఉంది, కొత్తగా వచ్చినవాళ్ళకు చెబుతున్నాను. ఎవరు సైకిలు కొన్నా, కుట్టుమిషను కొన్నా, చివరికి పిండి గ్రైండరు కొన్నా చర్చి ఆవరణలోకి తెచ్చి ప్రతిష్ఠ చేయించాలి. పాస్టరుగారు ప్రార్థన చేస్తారు, అప్పట్లో సంఘంలో అందరికంటే పెద్దదైన సువార్తమ్మవ్వ ప్రార్థించిన కొబ్బరినూనె రాసేది. అవ్వకు చూపు మసక, ప్రేమ మాత్రం కడివెడు. బడి తెరవడానికి ముందు ఆదివారం మా బండి వంతు వచ్చింది. ప్రార్థన మొదలుపెట్టబోతుండగా అవ్వ నా దగ్గరికి వంగి, "అమ్మీ, ఈ బండికి గుండెకాయ యాడుండాది?" అని అడిగింది. నేను గొప్పగా కుర్చీ కింద తట్టి చూపించాను. పాస్టరుగారి ప్రార్థన ఎంత పొడుగో మీకు తెలుసు, అంతసేపూ అందరం కళ్ళు మూసుకునే ఉన్నాం, అవ్వ ఏం చేసిందో చూసినవాడు ఆ దేవుడొక్కడే.

బడి తెరిచే రోజు వచ్చింది. బండి ఎక్కేలా బడి మెట్లమీద చెక్కలు పరచడానికి మా ఆయన సైకిలుమీద ముందే వెళ్ళాడు. నేను తలనిండా కొంగు కప్పుకుని, ఎవరి ముఖమూ చూడకుండా, ఆగకుండా బజారు దాటేయాలని బయలుదేరాను. ఎక్కడ ఆగకూడదని ప్రార్థించానో సరిగ్గా అక్కడ, పూలకొట్ల ముందర, బండి కుంటింది, కింద చిటపట రవ్వలు లేచాయి, కాలిన వాసన వచ్చింది, ఆగిపోయింది. పిడి తిప్పితే ఉలుకూ పలుకూ లేదు. వెనక ఎద్దులబండి, దాని వెనక బస్సు, చుట్టూ జనం! నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. "ప్రభువా, నన్ను ఇంటికి చేర్చు. ఇంకెప్పుడూ గడప దాటను, ఏమీ అడగను, ఇంటికి చేర్చు చాలు."

అయ్యో పాపం అనే మాట కోసం చెవులు బిగబట్టి కూర్చున్నాను. ఆ మాట రాలేదు. పూలమ్మే ఆమె కొట్టు దిగి వచ్చి, ఇన్నాళ్ళూ యాడ దాక్కున్నావు టీచరమ్మా, నా కొడుక్కి ఏడో ఎక్కం రాదు, ఎవరిని తిట్టాల అని నామీదే కేకలేసింది! బీగాలు బాగుచేసే ఖాదర్ సాయబు, ఆయన కూతురు నా దగ్గర అక్షరాలు దిద్దిన పిల్ల, పని వదిలి వచ్చి బండి వెనక చేయి వేశాడు. బస్సు దిగి కండక్టరూ వేశాడు. సాయబు అడిగాడు, "సెప్పమ్మా, యాడికి తొయ్యాల? ఇంటికా, బడికా?"

సహోదరులారా, నోట్లో ఇంటికి అనే మాటే ఉంది. ప్రమాణపూర్వకంగా చెబుతున్నాను, ఆ మాటే అనబోయాను. కళ్ళు తెరిచేసరికి వాళ్ళందరూ నా ముఖంలోకే చూస్తున్నారు. జాలిగా కాదు, పాఠం అప్పజెప్పమని నేను పిల్లల్ని చూస్తానే, అలాగ. తలమీద కొంగు జారింది, సర్దుకోలేదు. "బడికి," అన్నాను. ఆ మాట నాచేత పలికించినవాడు నా దేవుడు, స్తోత్రం! ఆ బజారు బజారంతా నన్ను తోసుకుంటూ తీసుకుపోయింది. గంట కొట్టేసరికి నేను నా తరగతిలో ఉన్నాను.

మా ఆయన వరండాలో మోటారు మూత విప్పాడు. విప్పగానే తలంటు పోసినట్టు కొబ్బరినూనె గుమ్మంది. పొడిగా ఉండాల్సిన రాగి చక్రం మీద, మూత సందుల్లోంచి దిగిన నూనె, బ్రష్షుల బొగ్గుపొడి కలిసి చిక్కటి కాటుక అయి కూర్చుంది, ఇక కరెంటు ఎలా అందుతుంది? ఆయన నన్ను చూశాడు, నేను ఆయన్ని చూశాను. "అవ్వ ఒక్క చుక్క కూడా ఎనక్కి పెట్టుకోలేదు," అన్నాడు. మేమిద్దరం పగలబడి నవ్వాం, నా జబ్బు మొదలైనాక ఆ మనిషి నవ్వడం నేను చూడనేలేదు. పెట్రోలు గుడ్డతో తుడిచి, గరుకు ఉప్పుకాగితంతో సన్నగా రుద్ది, సాయంత్రానికి బండి నడిపించేశాడు.

అవ్వకు మేము చెప్పలేదు. మోటారుకు రేకు డబ్బా బిగించి వానకోసం అని చెబితే, మంచి పని చేసినావు నాయనా అని ఆ డబ్బామీద కూడా నూనె రాసింది! ఆమె ప్రభువు సన్నిధికి వెళ్ళింది కాబట్టి ఇప్పుడు బయటపెడుతున్నాను. ఆమె పోసిన నూనెకు మోటారు పాడైన మాట నిజమే, నేను మాత్రం బాగుపడ్డాను. ఆ రోజు బండి ఆగకపోయుంటే కొంగు చాటున బడికి పోయి కొంగు చాటున తిరిగొచ్చి, చక్రాలున్న గదిలో బతికేదాన్ని.

నా కాళ్ళు తిరిగి రాలేదు, సాక్ష్యంలో అబద్ధం చెప్పకూడదు. బండి కూడా అద్భుతమేమీ కాదు. శనివారం శనివారం నేనే కూర్చుని దాని బొగ్గుపొడి ఊది, అరిగిన బ్రష్షు మార్చి, బ్యాటరీలో స్వేదనజలం పోసి, తీగలు బిగించే కొసల్లో పేరుకున్న పచ్చటి చిలుము వేడినీళ్ళతో కడుగుతాను. ఎత్తు ఎక్కేటప్పుడు వేడెక్కుతుంది, వానలో మొరాయిస్తుంది. ఇంత చేసినా ఎక్కడో ఒకచోట ఆగుతుంది. ఆగినచోటల్లా నాకు ఒక మనిషి దొరికాడు. తలుపు వేసుకున్న నాకు దేవుడు ఒక ఊరు ఊరంతా ఇచ్చాడు, ఆయనకే మహిమ కలుగును గాక!

తలుపు వేసుకుని ఉన్నవాళ్ళు మీ ఇళ్ళలో ఉంటే వాళ్ళకు నా మాట చేరవేయండి. దేవుడు మిమ్మల్ని మరిచిపోలేదు, వీధిలో నిలబడి పిలుస్తున్నాడు, ఆయనను నమ్మి గడప దాటండి. మా ఆయన నా పక్కన ఇంకో సీటు బిగించాడు, మోటారు లాగుతుందట. సత్యవేడు నుంచి మా వీధికి కోడలిగా వచ్చిన ఒక సహోదరి, పక్షవాతంతో మూతి వంకర పోయిందని ఇల్లు కదలడం మానేసింది. ఆమె ఒప్పుకున్నాకే చెబుతున్నాను. ఈ ఉదయం నేను బండిలోనుంచే ఆమె పేరు పెట్టి పిలిచాను. ముఖం కప్పుకుని గుమ్మం దాకా వచ్చి, "నడిబజార్లో బండి నిలిచిపోతే ఎట్లా టీచరమ్మా?" అని అడిగింది.

"నిలిచిపోతాదిలే తల్లీ," అన్నాను. "తోసేవాళ్ళు వస్తారు. వాళ్ళ ముఖాలు నువ్వు సూడాల, దానికే రమ్మంటాండా. ఎక్కు."

ఎక్కింది. బండి నిలిచిపోయింది కూడా. అందుకే ఈవేళ మేమిద్దరం ఆరాధనకు ఆలస్యంగా వచ్చాం, ఇద్దరం ముఖం మీద కొంగు లేకుండా వచ్చాం. దేవునికి స్తోత్రం.