పసుపు పూసిన కనెక్టర్

1996లో దసరా దాటాక వచ్చిన వడ్ల సీజను. సూర్యాపేటలో ఉంటూ కోదాడ, మిర్యాలగూడ దాకా ట్రాక్టర్లు, లారీలు తూచే ఎలక్ట్రానిక్ కాంటాలు బాగుచేసేవాణ్ణి. ఒక పొద్దున మిర్యాలగూడలోని ఒక రైస్ మిల్లు నుంచి ఫోనొచ్చింది. నిన్నటి నుంచి కాంటా డిస్‌ప్లే ఒక అంకె చూపిస్తే, కంప్యూటర్ చీటీ మీద ఇంకో అంకె పడుతోందట.

నేను వెళ్లేసరికి పెన్‌పహాడ్ రైతులు వడ్లు దించకుండా ట్రాక్టర్లు ఆపేసి కూర్చున్నారు. కోపమంతా కాంటా వేసే సైదులు మీద.

"నిప్పు లేంది పొగొస్తదా? నడుమ ఈయనే ఏదో చేస్తుండు," అని ఒక పెద్దాయన అరుస్తున్నాడు.

మిల్లు సేటు నన్ను పక్కకు పిలిచాడు. "ఇయ్యాల సక్కగ కాకపోతే సైదులును కాంటా కాడి నుంచి తీసేస్త. నాకు రైతులు గావాలె."

తక్కెడ కాలం నుంచీ తూకం వేసిన మనిషి సైదులు. మొదటి తూకానికి ఒకటి అనకుండా, ఆనవాయితీ ప్రకారం "లాభం" అని గొంతెత్తి పిలిచేవాడట. ఆ గొంతు మీద నమ్మకంతోనే రైతులు బస్తాలు దించేవారట. ఆ రోజు ఆ పిలుపు వినేవాళ్లే లేరు.

డిస్‌ప్లే నుంచి కంప్యూటర్‌కు అంకెలను చేరవేసేది సీరియల్ కేబుల్. అందులో ముఖ్యమైనవి మూడు తీగలే: పంపేది, అందుకునేది, రెంటికీ ఉమ్మడిగా ఉండే గ్రౌండ్. డిస్‌ప్లే వెనక కనెక్టర్ విప్పగానే నాకు నవ్వొచ్చింది. పిన్నుల మధ్య పసుపు ముద్ద, అతుకుల మీద చిలుము! తీగల పట్టు తప్పి అంకెలు దారిలోనే చెడిపోతున్నాయి.

"ఆయుధపూజ ఎవరు చేశారు సైదులూ?"

ఆయన వంగి కనెక్టర్ చూశాడు. "నేనే సారూ. నీళ్లతోని కడిగి బొట్లు పెట్టిన. అన్నం పెట్టే మిషిన్ గదా."

"వైరు పాతబడిందని చెప్తాలే," అన్నాను.

సైదులు వద్దన్నట్టు తల ఊపి బయటికి నడిచాడు. సేటు ముందే, రైతుల ముందే నిలబడి, "తప్పు నాదే. పూజజేసి వైరుల నీళ్లు వోసిన. జర ఆగుండ్రి, బాగైనంక మళ్ల తూస్త," అన్నాడు. నౌకరీ పోవచ్చని తెలిసీ అంత మాట అనడానికి ఎంత గుండె కావాలి! నాకైతే ఉండేది కాదు.

చెడిన కొస కత్తిరించాను. తీగల తొడుగు ఒలిచి, టంకం పట్టించి, కొత్త కనెక్టర్‌కు అతికాను. పైన అల్లిన షీల్డ్, అంటే మిల్లు మోటార్ల అలజడి అంకెల్లో కలవకుండా కాపాడే తీగ జాలీ, దాన్ని ఒక వైపే గ్రౌండ్ చేశాను.

ఇందాక అరిచిన పెద్దాయన ట్రాక్టరే మొదట కాంటా ఎక్కింది. ఆయన డిస్‌ప్లే చూశాడు, చీటీ చూశాడు. రెండూ ఒకటే. తర్వాత సైదులు వైపు తిరిగాడు.

"తనంతట తనే ఒప్పుకున్నోడు దొంగెట్లయితడు? పిలువు సైదులన్నా, ఎప్పటి తీరుగనే!"

"లాభం!"

ఆ కేక మోటార్ల రొదను మించి వినిపించింది. "ఇగ నువ్వే తూకమెయ్యి," అని సేటు లోపలికి వెళ్లిపోయాడు.

తీగ అతకడం నాకు కంపెనీ నేర్పింది. ఆ తీగ కొసన ఒక మనిషి పరువు ఉంటుందని సైదులు నేర్పాడు. అప్పటి నుంచి ఎక్కడ పని ముగించినా, కనెక్టర్‌కు నీళ్లు తగలనివ్వొద్దని చెప్పి, డిస్‌ప్లే నుదుట నేనే ఒక బొట్టు పెట్టి వచ్చేవాణ్ణి.