రేపల్లె మిల్లులో నా రెస్క్యూ డెమో

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇప్పుడు నలభైకి దగ్గరపడ్డాక, రోజుకొకటి చొప్పున తెలియనివి బయటపడుతుంటే, ఇరవై నాలుగేళ్ల వయసులో అంత జ్ఞానం ఎక్కణ్ణించి ఊడిపడిందా అని ఆశ్చర్యంగా ఉంటుంది. ఊడిపడింది విశాఖపట్నంలో. అక్కడ ఆరు రోజులపాటు ఎత్తయిన కట్టడాల మీద తాళ్లకి వేలాడుతూ పని చెయ్యడం నేర్పించారు. ఎప్పుడూ రెండు తాళ్లు వెయ్యాలి, ఒకటి పనికి, రెండోది ప్రాణానికి. తాడు గోడ అంచు మీద రాసుకోకుండా కింద గుడ్డ పెట్టాలి. ఒంటరిగా ఎక్కకూడదు. జేబులో పెట్టుకోవలసినవి జేబులోనే పెట్టుకోవాలి. ఇవన్నీ నోటుబుక్కులో గుండ్రటి అక్షరాలతో రాసుకుని, ఏడో రోజున ఒక సర్టిఫికెట్టు, ఎర్ర హెల్మెట్టు, బోలెడు ఇనుప కొక్కేలతో తెనాలి స్టేషన్లో దిగాను. నడుస్తుంటే ఆ కొక్కేలు గజ్జెల్లా మోగేవి. నాకది చాలా గంభీరమైన చప్పుడులా వినపడేది.

నడుముకీ తొడలకీ బిగించుకునే పట్టీల హార్నెస్‌ని మా అమ్మ రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని, "ఏంట్రా ఇది, ఎద్దుకి కట్టేదా?" అంది. "మనిషికేనమ్మా" అన్నాను. "మరి పెళ్లిచూపులకి వచ్చినవాళ్లకి ఏం చెప్పను? మావాడు తాడుకి వేలాడతాడండీ అని చెప్పనా?" అంది. అమ్మకి ఈ ఉద్యోగం గొప్పతనం అర్థం కావాలని ఆ సాయంత్రమే డాబా మీంచి తాడు కట్టుకుని దిగి చూపించాను. పై వాటాలో అద్దెకుండే పిన్నిగారు వంటింట్లో దోసె వేస్తూ, కిటికీ అవతల గాల్లో తేలుతున్న ఎర్ర హెల్మెట్టుని చూసి పెట్టిన కేక నాలుగు వీధులకి వినపడింది. (ఆ దోసె మాడిపోయింది. ఆవిడ నాతో మళ్లీ మాట్లాడ్డానికి ఏడాది పట్టింది.)

మొదటి పని మామయ్య ఇచ్చాడు. ఆయనకి రేపల్లె పొలిమేరలో పెద్ద రైసు మిల్లు ఉంది. వడ్లు నానబెట్టడానికి నీళ్లు చాలా కావాలి కాబట్టి మిల్లు ఆవరణలో అయిదంతస్తుల ఎత్తున స్తంభాల మీద ఒక కాంక్రీటు ట్యాంకు ఉండేది. దాని అడుగున బీటలు వారి నీళ్లు కారుతున్నాయి. వాటిని పూడ్చి రంగు వెయ్యాలి. అంతకుముందు అలాంటి పనులన్నీ మోకు బాబాయి చేసేవాడు. అసలు పేరు నేనెప్పుడూ అడగలేదు, అదీ నా ఘనత. అడవులదీవి మనిషి. కుర్రతనంలో సముద్రం మీదికి వెళ్లి, తర్వాత పడవ తాళ్లనే భుజాన వేసుకుని ఊళ్ల మీద పడ్డాడు. రేపల్లె, పొన్నూరు, బాపట్ల చుట్టుపక్కల ఏ మిల్లు గొట్టానికి రంగెయ్యాలన్నా, ఏ బావిలో మోటారు పడిపోయినా ఆయన్ని పిలవాల్సిందే. ఆయన సామానల్లా కూర్చోడానికి ఒక చెక్క పలక, మనిషి బొటనవేలంత లావు నైలాను మోకు. అంతే. హెల్మెట్టు బదులు తలపాగా. పాతికేళ్లు అలాగే ఎక్కి దిగాడు.

పని మొదలయ్యే రోజు పొద్దున్నే మామయ్య ఇద్దర్నీ రమ్మన్నాడు. ఆయన ఆలోచన మంచిదే. మావాడికి చదువుంది, బాబాయికి అనుభవం ఉంది, కలిసి చేసుకుంటారనుకున్నాడు. దాంతోపాటు తన మేనల్లుడి ప్రతాపం నలుగురూ చూడాలని చుట్టాల్నీ, పక్క మిల్లుల యజమానుల్నీ, ఊళ్లో వార్తలు రాసే విలేకరినీ కూడా పిలిచాడు. ఇంతమందిని చూసేసరికి నాకు ఒళ్లు తెలియలేదు. నా కొత్త కంపెనీ పేరు అచ్చు వేయించిన టీషర్టు వేసుకుని ఉన్నాను. (నా కొలత దొరక్క రెండు సైజులు పెద్దది తెచ్చుకున్నాను. ఈ సంగతి గుర్తుంచుకోవాలి.)

నేను నేరుగా బాబాయి దగ్గరికి వెళ్లి ఆయన మోకుని చేతిలోకి తీసుకున్నాను. శిక్షణలో చెప్పినట్టు మూర మూరకీ వంచి చూశాను. అక్కడక్కడా పోగులు లేచాయి, ఎండకి రంగు వెలిసింది. రెండు చోట్ల తెగితే ఆయనే పోగులు విప్పి ఒకదాన్లో ఒకటి అల్లి కలిపాడు. ఆ అల్లిక ఎంత నున్నగా ఉందంటే, వేలు పెట్టి వెతికితే తప్ప తెలియలేదు. ఆ పనితనం చూసి ఆగాల్సింది. ఆగలేదు.

"పెద్దాయనా, ఈ తాడు పనికిరాదు" అన్నాను, అందరికీ వినపడేలా.

"పాతదే బాబూ. నాకు దీని సంగతి తెలుసు, దీనికి నా సంగతి తెలుసు" అన్నాడాయన నవ్వుతూ.

"అలా కుదరదండి. దీని మీద మనిషిని ఎక్కించడం నేరం. రేపు ఏమన్నా అయితే మామయ్య జైలుకెళ్తాడు."

జైలు అనేసరికి మామయ్య మొహం మాడింది. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. కానీ పనికిరాని తాడుని మళ్లీ ఎవరూ వాడకుండా కోసెయ్యాలని మా శిక్షకుడు చెప్పాడు. చెప్పింది మన తాళ్ల గురించి. నేను జేబులోంచి కత్తి తీసి, ఒకళ్ల అనుమతీ అడక్కుండా, ఆ మనిషి మోకుని ఆయన కళ్ల ముందే నడిమికి కోసేశాను. నైలాను లావుగా ఉండి ఒక్క వేటుకి తెగలేదు. రంపంలా అటూ ఇటూ లాగుతుంటే అందరూ నిలబడి చూశారు.  బాబాయి చెయ్యి అడ్డం పెట్టలేదు. రెండు ముక్కలూ కింద పడ్డాక వంగి తీసుకుని, విడివిడిగా చుట్టలు చుట్టుకున్నాడు.

"మంచిది బాబూ. చదువుకున్నోడివి" అన్నాడు. ఆ మాటని నేను పొగడ్త అనుకున్నాను.

మామయ్య ఆయన దగ్గరికి వెళ్లి, "ఏమీ అనుకోకు బాబాయి, ఇక నుంచి మావాడు చూసుకుంటాడు. టీ తాగి వెళ్లు" అన్నాడు. ఆయన వెళ్లి వాచ్‌మన్ గది నీడలో టీ గ్లాసుతో కూర్చున్నాడు. నేను కత్తిని బల్ల మీద పారేసి, గజ్జెలు మోగించుకుంటూ ట్యాంకు మెట్లెక్కాను. ఒంటరిగానే ఎక్కాను. తోడు రావాల్సిన మా పెదనాన్న కొడుకు జ్వరమని ఫోన్ చేస్తే, వీడు లేకపోతే ఏం మునిగిందిలే అనుకున్నాను.

పైన ట్యాంకు చుట్టూ ఇనప కమ్మీతో నడవ ఉంది. రెండు తాళ్లూ కట్టాను, అంచుల కింద గుడ్డ పెట్టాను, అంతా పుస్తకంలో ఉన్నట్టే చేశాను. కమ్మీ దాటి మెల్లగా కిందికి జారడం మొదలుపెట్టాను. కింద చప్పట్లు. ట్యాంకు అడుగు లోపలికి వాలుగా ఉంటుంది కాబట్టి రెండు నిలువులు దిగేసరికి కాళ్లకి గోడ అందలేదు, గాల్లో తేలాను. ఆ క్షణంలో విలేకరి కెమెరా ఎత్తడం కనిపించింది. ఆయనకి మొహం బాగా కనపడాలని కొంచెం ముందుకి వంగాను. వంగగానే వదులుగా ఉన్న టీషర్టు అంచు, తాడుని జారనిచ్చే డిసెండర్‌లోకి వెళ్లిపోయింది. పొట్ట దగ్గర ఏదో లాగినట్టయింది. చూసుకునేలోపు జానెడు గుడ్డ లోపలికి పోయి తాడుతో కలిసి బిగుసుకుంది. ఇక పైకీ పోను, కిందికీ రాను. బొడ్డు మాత్రం రేపల్లె ప్రజలకి దర్శనమిస్తోంది.

దీనికి మందు ఉంది. శిక్షణలో రెండో రోజే చెప్పారు. చిన్న తాడు ఉచ్చులో కాలు పెట్టి లేచి నిలబడితే డిసెండర్ మీద బరువు తగ్గుతుంది, గుడ్డ లాగేసుకోవచ్చు. ఆ ఉచ్చు ఎప్పుడూ ఒంటి మీదే ఉండాలి. నాది కింద సంచీలో ఉంది. బరువుగా ఉందని తీసేశాను.

మొదటి పావుగంట ఏదో సరిచేసుకుంటున్నట్టు నటించాను. తర్వాత తొడల దగ్గర పట్టీలు బిగుసుకుని కాళ్లు తిమ్మిరెక్కాయి. ఇది నవ్వులాట కాదని అప్పుడు గుర్తొచ్చింది. హార్నెస్‌లో కదలకుండా వేలాడితే కాళ్లలోకి దిగిన రక్తం పైకి రాదు, మనిషి స్పృహ తప్పుతాడు, అలా వదిలేస్తే ప్రాణమే పోతుంది. అదీ నోటుబుక్కులో ఉంది, గుండ్రటి అక్షరాలతో. చెవుల్లో హోరు మొదలైంది. కింద మామయ్య తెనాలిలో ఎవరికో ఫోన్ చేసి క్రేను కావాలని అరుస్తున్నాడు. రెండు గంటలు పడుతుందట. ఎవరో "చొక్కా కోసుకోరా!" అన్నారు. బిగిసిన తాడుకి కత్తి మొన తగిలినా చాలు, పుటుక్కున తెగుతుంది. అయినా నా కత్తి బల్ల మీద ఉంది. అప్పుడు నేను ఉన్న సిగ్గంతా వదిలేసి, "రక్షించండి! ఎవరన్నా రండి!" అని కేకలు పెట్టాను.

"కాళ్లు ఆడించు బాబూ! ఆపకు, సైకిలు తొక్కినట్టు తొక్కు!" పైనుంచి గొంతు వినపడింది. తలెత్తితే కమ్మీ మీంచి తలపాగా. అరవయ్యేళ్ల మనిషి, నేను కోసిన మోకు ముక్క భుజాన వేసుకుని, ఇద్దరు హమాలీల్ని వెంటబెట్టుకుని అన్ని మెట్లూ ఎక్కి వచ్చాడు. ఆ ముక్క చివర ఉచ్చు ముడి వేసి నా మీదికి దింపాడు. "దాన్ని నీ కొక్కేనికి తగిలించు. తొందర్లేదు. తగిలించావా? మళ్లీ చూసుకో" అన్నాడు. ఉయ్యాల్లో పిల్లాడితో మాట్లాడుతున్నట్టుంది ఆ గొంతు. మోకుని ఒక చుట్టు కమ్మీ స్తంభానికి తిప్పాడు. హమాలీలు లాగుతుంటే, వచ్చినంత మేరా వెనక్కి జారకుండా తను బిగబట్టాడు. "ఐలేసా" అన్నాడు. జానెడు లేచాను. ఆ జానెడు చాలు. టీషర్టు గుంజితే చిరిగి బయటికొచ్చింది. మోకు భరోసా మీదే నా తాడు సరిచేసుకున్నాను. మోకు ముక్క నేల దాకా చాలదు కాబట్టి, నా డిసెండర్ మీద బరువు నిలిచాకే దాన్ని విప్పమన్నాడు. విప్పి, మెల్లగా నేల మీదికి దిగి, కాళ్లు నిలవక వడ్లబస్తా మీద కూలబడ్డాను.

ఇక్కడిదాకా జరిగింది తెలివితక్కువతనం. అది క్షమించదగ్గదే. ఆ తర్వాతి రెండు నిమిషాలే ఇన్నేళ్లుగా నాకు మింగుడుపడనివి.

విలేకరి పరిగెత్తుకొచ్చి, "ఏం జరిగిందండీ?" అన్నాడు. చుట్టూ మిల్లు యజమానులు. మామయ్య మొహంలో రంగు లేదు. నా నోటి నుంచి నా ప్రమేయం లేకుండానే వచ్చింది, "రెస్క్యూ డెమో అండి. పైన చిక్కుకున్న మనిషిని ఎలా కాపాడాలో చూపించాం."

"మరి అలా అరిచారు?"

"డెమోలో అలాగే అరవాలండి."

"ఆ పెద్దాయన ఎవరు?"

అప్పుడే బాబాయి మెట్లు దిగి వస్తున్నాడు. అరచేతులు మోకు ఒరుసుకుని ఎర్రగా కందిపోయాయి. "నా అసిస్టెంటండి" అన్నాను. బాబాయి నా వంక చూశాడు. రెండు క్షణాలు, అంతే. తర్వాత విలేకరి వైపు తిరిగి, "అవునండి. బాబు నేర్పిత్తే చేశాను" అన్నాడు. మామయ్య గట్టిగా ఊపిరి పీల్చుకుని చప్పట్లు కొట్టాడు. మిగతావాళ్లూ కొట్టారు. హమాలీలిద్దరూ మొహమొహాలు చూసుకుని బస్తాల దగ్గరికి వెళ్లిపోయారు.

మర్నాడు జిల్లా పేజీలో నా ఫొటో పడింది. పై మూలన కమ్మీ మీద ఒక చెయ్యి మాత్రం కనపడుతుంది, మనిషి కనపడడు. ఆ వార్త ముక్క చేతబట్టుకునే పొన్నూరు, బాపట్ల, తెనాలి అంతా తిరిగి పనులు తెచ్చుకున్నాను. సర్టిఫికెట్టు లేనివాణ్ణి ఎక్కించొద్దని వెళ్లిన ప్రతిచోటా చెప్పాను. ఆ మాటలో తప్పు లేదు. కానీ అది అడవులదీవిలో ఒక ఇంటికి ఎలా తగులుతుందో నేను ఆలోచించలేదు. ఏడాది తిరిగేసరికి మోకు బాబాయిని అందరూ పిలవడం మానేశారు. ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్నాడని మామయ్య ఒకసారి అన్నాడు. ఆయన్ని నాతో చేర్చుకుని, హెల్మెట్టు పెట్టి, కొత్త తాడిచ్చి, ఆ చేతుల్లో ఉన్నది నేర్చుకుని ఉండొచ్చు. ఆ ఊహ రాకపోలేదు. ఎదురుపడితే ఏమని పిలవాలో తెలియక వాయిదా వేశాను. అమ్మ ఏడాదికోసారైనా, "ఆయనకి ఒకసారి కనపడి రారా" అనేది. వచ్చే వారం అనేవాణ్ణి. అలా పదిహేనేళ్ల వచ్చే వారాలు గడిచాయి.

ఇప్పుడు నేనే తాళ్ల పని నేర్పిస్తున్నాను. జరిగిన ప్రమాదం, తృటిలో తప్పిన ప్రమాదం, ఏదీ దాచకుండా చెప్పాలని మొదటి రోజే చెప్తాను. కిందటేడు ఒక అమ్మాయి చెయ్యెత్తి, "సార్, మీకెప్పుడైనా అలా ప్రమాదం తప్పిందా?" అని అడిగింది. "లేదమ్మా" అన్నాను.  ఆ ఆదివారమే బాపట్లలో అడవులదీవి బస్సెక్కాను.

బాబాయి వరండాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు, చూపు మందగించింది. గొంతు వినగానే గుర్తుపట్టాడు. కూతురు, అల్లుడు కుర్చీ వేసి మర్యాద చేశారు. "మా నాన్న మీ గురించి చెప్తుంటారండి. మీతో కలిసి డెమో ఇచ్చారంటగా" అంది కూతురు. నేను ఇక ఆగలేదు. అది డెమో కాదమ్మా, నేను చచ్చిపోవాల్సిన రోజు, మీ నాన్న బతికించాడు, నేను ఆయన తాడు కోసి, ఆయన పని పోగొట్టి, అబద్ధం చెప్పి పేరు తెచ్చుకున్నాను అని మొత్తం చెప్పేశాను.  వాళ్లు నిర్ఘాంతపోయి బాబాయి వైపు చూశారు.

ఆయన నింపాదిగా, "ఈ బాబుది పెద్దమనసమ్మా. అలాగే చెప్తాడు. డెమోయే అది" అన్నాడు.

కూతురు నవ్వేసి నాకు టీ తీసుకురావడానికి లేచింది. పదిహేనేళ్లు మోసుకొచ్చిన నిజం అలా తేలిపోయింది.

ఆటో దాకా సాగనంపడానికి కర్ర పట్టుకుని నాతో వచ్చాడు. "ఎందుకండి బాబాయి, ఇప్పుడు కూడా అలా చెప్పారు?" అన్నాను.

"పైన జరిగింది ఇంట్లో చెప్పేవాణ్ణి కాదు బాబూ. చెప్తే మా ఆడది మళ్లీ ఎక్కనిచ్చేదా? అలవాటైపోయింది."

"మీ తాడు కోశాను. మీ పని పోయింది."

 "కోసినప్పుడు బాధేసింది" అన్నాడు. "పని పోయినప్పుడూ బాధేసింది. లేదంటే అబద్ధం." పర్వాలేదు అనలేదు. ఆ మాట అనకపోవడమే నాకు దక్కిన మర్యాద అనిపించింది.

ఆటో ఎక్కుతుంటే ఊచ పట్టుకుని నిలబడ్డాడు. మసకబారిన కళ్లతో నన్ను పైనుంచి కింది దాకా చూసి, ఇంట్లోవాళ్లెవరూ దగ్గర్లో లేరని నిర్ధారించుకుని, గొంతు తగ్గించి అన్నాడు.

"బాగా లావయ్యావు బాబూ. ఆ రోజు ముగ్గురం లాగితే లేచావు. ఇప్పుడైతే ఆరుగురు కావాలి."